తునికీ గుడ్‌లాండ్‌కీ మధ్య పన్నెండున్నర గంటలు

మా ఊరు తుని. విజయవాడ నుంచి విశాఖ వెళ్ళే రైల్లో అన్నవరం దాటాక వస్తుంది. ఊరి పక్కన తాండవ నది, వంతెన దాటితే పాయకరావుపేట, కాస్త దూరాన కొండల మధ్య లోవలో తలుపులమ్మ తల్లి. ఎండలు ముదిరేసరికి మామిడికాయల లారీలతో రోడ్లన్నీ నిండిపోతాయి. హైస్కూల్లో మాకు సోషల్ చెప్పిన మాస్టారు బోర్డు మీద భారతదేశం పటం వేసి, దాని మధ్యలో నిలువుగా ఒక గీత గీసేవారు. "82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖాంశం. దేశం మొత్తానికి టైము చెప్పేది ఈ గీతే. మనూరి పక్కనుంచే పోతుందర్రా" అనేవారు. పుస్తకంలో కాకినాడ దగ్గర అని ఉంటుంది గానీ, నిజానికి ఆ గీత అన్నవరానికీ తునికీ మధ్యనుంచి పోతుంది. అందుకే మా ఊళ్ళో గడియారమూ సూర్యుడూ దాదాపు కలిసే నడుస్తాయి. ఏడాదిలో కొన్నాళ్ళు పది, పదిహేను నిమిషాలు అటూ ఇటూ అవుతాయి, అంతే. బొంబాయి వాళ్ళకీ గువాహటి వాళ్ళకీ అరగంటకి పైగా తేడా ఉంటుంది. మా మాస్టారు ఈ మాట చెప్పేటప్పుడు గొంతులో ఒక గర్వం వినిపించేది. మాక్కూడా అది గర్వంగానే ఉండేది.

ఆ గీత ప్రకారం దేశానికి స్టాండర్డ్ టైము పెట్టింది 1906 జనవరి 1న. అంతకుముందు మా వైపు రైళ్ళు మద్రాసు టైము ప్రకారం నడిచేవి. ఇప్పటి టైముకి అది తొమ్మిది నిమిషాలు వెనక. మా ముత్తాత రైలెక్కినప్పుడు స్టేషన్లో గడియారం అదే చూపించి ఉంటుంది.

ఇంత నిఖార్సయిన గడియారం ఉన్న ఊరినుంచి వెళ్ళి నేను కాపురం పెట్టిన ఊరు గుడ్‌లాండ్. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రానికి వాయవ్య మూల, షెర్మన్ కౌంటీలో ఉంది. 1990ల మధ్యలో మావారు డాక్టరు శిక్షణ పూర్తి చేశారు. ఆయన వీసా మీద వచ్చిన డాక్టర్లు చదువయ్యాక రెండేళ్ళు సొంత దేశానికి వెళ్ళిపోవాలి, లేదా డాక్టర్లు దొరకని పల్లెప్రాంతంలో మూడేళ్ళు పనిచేయాలి. అలా వెళ్ళిన తెలుగు డాక్టర్లు చాలామందే ఉన్నారు. న్యూయార్కు, చికాగోల గురించి మనవాళ్ళు ఎంతో రాశారు. ఈ పల్లెటూళ్ళ సంగతి రాసినవాళ్ళు తక్కువ. అందుకే నాకిది రాయాలనిపిస్తుంది.

గుడ్‌లాండ్ ఎలా ఉంటుందంటే, ఎటు చూసినా గోధుమ, మొక్కజొన్న, పొద్దుతిరుగుడు చేలు. మధ్యలో ధాన్యం దాచే పొడవాటి తెల్లటి ఎలివేటర్లు. వాటిని చూసే ఊరు వస్తోందని దూరంనుంచే గుర్తుపట్టాలి. చెట్టు కనపడితే అక్కడ ఎవరిదో ఇల్లుందని అర్థం. డెన్వర్ మూడు గంటల దూరం. రాక్ ఐలండ్ అనే పాత రైల్వే కంపెనీ వేసిన పట్టాల మీద గూడ్సు బళ్ళు పోతుండేవి. ఆ కూత వినపడితే మొదటి రోజుల్లో నాకు కడుపులో తిప్పేసినట్టుండేది. తునిలో మా ఇల్లు స్టేషనుకి దగ్గర. రైలు కూత విని టైము చెప్పగలిగేవాళ్ళం. పొద్దున బండి వచ్చిందంటే అమ్మ వంట ముగించాలి, నాన్నగారు ఆఫీసుకి బయల్దేరాలి.

కొత్తింట్లో సామాన్లు సర్దుతుంటే మావారి పాత అట్లాసు దొరికింది. మా మాస్టారి గీతని భూమికి అవతలివైపు వెతికాను. 82న్నర డిగ్రీల తూర్పుకి సరిగ్గా ఎదురుగా ఉండేది 97న్నర డిగ్రీల పడమర రేఖాంశం. అది కాన్సాస్ నడుమ, విచిటా, సలైనా పట్టణాల పక్కనుంచి పోతోంది. మా గుడ్‌లాండ్ దానికి ఇంకో నాలుగు డిగ్రీలు పడమరన ఉంది. అంటే మా అమ్మ నెత్తిన సూర్యుడుంటే నాకు నట్టనడి రాత్రి, కొద్ది నిమిషాల తేడాతో. అమ్మకి ఇంతకంటే దూరంగా వెళ్ళడానికి తూర్పుకైనా పడమరకైనా చోటు లేదు. అట్లాసు ముందేసుకుని చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

అమెరికాలో ఒక్కో ప్రాంతానికి ఒక్కో టైము. గుడ్‌లాండ్ మౌంటెన్ టైములో ఉంటుంది. కాన్సాస్‌లో నూటైదు కౌంటీలుంటే, ఆ టైము పాటించేవి పడమటి అంచున ఉన్న నాలుగే. మిగతా రాష్ట్రమంతా సెంట్రల్ టైము, మాకంటే గంట ముందు. చలికాలంలో తుని మాకంటే పన్నెండున్నర గంటలు ముందు. ఏప్రిల్ మొదటి ఆదివారం నాడు గడియారాలు ఒక గంట ముందుకి తిప్పుకుంటే పదకొండున్నర గంటలు. అక్టోబరు ఆఖరి ఆదివారం మళ్ళీ వెనక్కి. అప్పట్లో అలా ఉండేది. 2007 నుంచి అది మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం అయింది.

ఇదంతా అమ్మకి ఉత్తరంలో వివరంగా రాశాను. నాన్నగారు లెక్క వేసి కాగితం మీద పట్టిక గీశారు. అమ్మ ఆ పట్టిక చూడలేదు. తనే ఒక సూత్రం కట్టుకుంది: "రాత్రిని పగలు చెయ్యి, పగటిని రాత్రి చెయ్యి. చలికాలమైతే అరగంట తియ్యి, ఎండాకాలమైతే అరగంట కలుపు." తునిలో పొద్దున ఎనిమిదిన్నర అయితే, చలికాలంలో మాకు ముందురోజు రాత్రి ఎనిమిది. ఎండాకాలంలో తొమ్మిది. ఎప్పుడు వేసి చూసినా సరిపోయేది. గుడ్‌లాండ్‌లో ఉన్నన్నాళ్ళూ మావారు ఇండియాకి ఫోన్ చేసేముందు అత్తగారి సూత్రమే మనసులో అనుకునేవారు.

అప్పటికి తునిలో మా ఇంట్లో ఫోను లేదు. నాన్నగారు దరఖాస్తు పెట్టి ఎదురుచూస్తున్నారు. వీధి చివర మెడికల్ షాపు వాళ్ళది మా పీపీ నంబరు. శనివారం రాత్రి నేను చేస్తే అక్కడ ఆదివారం పొద్దున. షాపాయన ఎత్తి "అమ్మాయిగారా, ఉండండి, అమ్మగారిని పిలిపిస్తానండి" అనేవారు. వెంటనే పెట్టేసేదాన్ని. నిమిషానికి డాలరు పైన పడే రోజులవి. పది నిమిషాలాగి మళ్ళీ చేస్తే అమ్మ ఆయాసపడుతూ ఎత్తేది. గబగబా నడిచొచ్చేది మరి. షాపులో మందులకొచ్చిన వాళ్ళు, సోడా తాగడానికి ఆగినవాళ్ళు అందరూ వింటుండగానే మాట్లాడాలి. అమ్మ గొంతు తగ్గించేది కాదు. అమెరికా అంత దూరం వినపడాలంటే గట్టిగా మాట్లాడాలని ఆవిడ నమ్మకం. "తిన్నారా? ఏం వండావు? అల్లుడుగారు డ్యూటీ నుంచి వచ్చారా?" ఈ మూడూ అయ్యాకే మిగతావి.

షాపు తీసేది ఎనిమిదిన్నరకి. తుని గడియారం ఏడాది పొడుగునా కదలదు, షాపు టైమూ మారదు. కదలాల్సింది మేమే. అందుకని చలికాలమంతా శనివారం రాత్రి ఎనిమిదింటికి, ఏప్రిల్ రాగానే తొమ్మిదింటికి. ఏ పెళ్ళికో విందుకో పిలిచినా మావారు ముందే చెప్పేసేవారు, ఎనిమిదింటికి ఇంట్లో ఉండాలని. ఊళ్ళో అందరికీ అది తెలిసిపోయింది. శనివారం సాయంత్రం చర్చి భోజనాల్లో కూర్చున్నప్పుడు ఎవరో ఒకరు గోడ గడియారం చూసి "మీ అమ్మగారికి టైమవుతోంది" అని నన్ను లేపేవారు. వాళ్ళెవరూ మా అమ్మని చూడలేదు. తుని ఎక్కడుందో కూడా తెలియదు. ఆ ఊరివాళ్ళంటే నాకున్న అభిమానం అంతా ఇంతా కాదు.

గుడ్‌లాండ్ వాళ్ళకి వేరే టైముతో బతకడం చిన్నప్పటినుంచీ అలవాటే. తూర్పుగా ముప్పై అయిదు మైళ్ళ దూరంలో కోల్బీ అనే ఊరుంది. అది పక్క కౌంటీ, సెంట్రల్ టైము. ఐ-70 రోడ్డు మీద వెళ్తుంటే కౌంటీ సరిహద్దు దగ్గర టైము మారుతోందని చెప్పే బోర్డు ఉంటుంది. దానికి అటు చేనూ ఇటు చేనూ ఒకటే, గోధుమ రంగూ ఒకటే. గడియారం మాత్రం గంట తేడా. కోల్బీలో పెళ్ళికి పిలిచినా, బాస్కెట్‌బాల్ ఆట పెట్టినా, పళ్ళ డాక్టరు దగ్గరికి రమ్మన్నా మొదట అడిగే మాట "మన టైమా, వాళ్ళ టైమా?" అనే. మావారికి వారంలో కొన్ని రోజులు కోల్బీలో క్లినిక్ ఉండేది. అక్కడ తొమ్మిదింటి పేషెంటు కోసం ఇక్కడ ఏడుంపావుకల్లా బయల్దేరాలి. తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఆ గంట చేతికి తిరిగొచ్చేది. అయిదున్నరకి అక్కడ బయల్దేరి అయిదుంబావుకి ఇంట్లో ఉండేవారు.

నేనూ ఒక్కోసారి ఆయనతో వెళ్ళేదాన్ని. కోల్బీలో కూర్చుంటే తునికి పన్నెండున్నర గంటలు పోయి పదకొండున్నరే అయ్యేది. అమ్మకి ఒక గంట దగ్గరికి వచ్చినట్టు సంతోషంగా ఉండేది. లెక్కలో తప్ప ఎక్కడా లేని దగ్గర అది. అయినా ఆ ఊరి లైబ్రరీలో కూర్చుని అమ్మకి ఉత్తరాలు రాయడం నాకు ఇష్టంగా ఉండేది.

వెళ్ళిన మొదటి ఏడాది చలికాలం నన్ను బాగా కుంగదీసింది. డిసెంబరులో అక్కడ నాలుగున్నరకే సూర్యుడు దిగిపోతాడు. అప్పటికి తునిలో తెల్లవారుజామున అయిదు, ఇంకా చీకటే. పొద్దున ఏడింటికి మాకు సూర్యుడొచ్చేసరికి తునిలో రాత్రి ఏడున్నర. అంటే ఆ నెలల్లో మా రెండు ఊళ్ళ మీదా ఒకేసారి ఎండ పడే క్షణం ఒక్కటి కూడా ఉండదు. ఇద్దరం చీకట్లో ఉండే గంటలు మాత్రం బోలెడు. జూన్ వస్తే అంతా మారిపోయేది. గుడ్‌లాండ్‌లో అయిదుంబావు దాటగానే సూర్యోదయం, అప్పటికి తునిలో సాయంత్రం నాలుగూముప్పావు, ఎండ ఫెళ్ళున కాస్తూ ఉంటుంది. మాకు రాత్రి ఎనిమిదింబావుకి పొద్దు గుంకేవేళకి తునిలో ఏడూముప్పావు, వీధిలో పాలవాళ్ళు, కూరలవాళ్ళు. అటు రెండు గంటలూ ఇటు రెండు గంటలూ ఒకే సూర్యుణ్ణి ఇద్దరం చూస్తాం. ఇది గమనించాక నాకు ఎండాకాలం కోసం ఎదురుచూడటం మొదలైంది. తెల్లవారుజామునే లేచి వెనక మెట్ల మీద కూర్చుంటే, ఇదే ఎండలో అమ్మ వడియాలు తీసి లోపల పెడుతూ ఉంటుందని తెలిసేది. ఊహ అవసరం లేదు. ఆ వేళకి అమ్మ చేసే పని అదే.

పండగలు మాకు ముందురోజే వచ్చేవి. భోగినాడు తునిలో తెల్లవారుజామున అయిదింటికి మంట వేస్తారు. మాకప్పుడు ముందురోజు సాయంత్రం నాలుగున్నర. మంచు మీద సూర్యుడు ఎర్రగా దిగుతుండేవాడు. ఆ వేళకి నేను నలుగుపిండి కలిపి, తలంటుకి నూనె వెచ్చబెట్టి సిద్ధంగా ఉండేదాన్ని. మా బాబు పుట్టాక వాడికి భోగిపళ్ళు కూడా ఆ సాయంత్రమే పోశాను. రేగుపళ్ళు దొరకవు. శనగలూ చిల్లర నాణాలూ పువ్వులూ కలిపి పోశాం. మర్నాడు గుడ్‌లాండ్ తేదీ ప్రకారం భోగి వచ్చేది, అదీ చేసేవాళ్ళం. రెండుసార్లు పండగ చేసుకున్నందుకు ఏ దేవుడూ కోప్పడడని అమ్మ తేల్చేసింది.

బాబు పుట్టిన కథ చెప్పకపోతే ఈ జ్ఞాపకాలకి అర్థం లేదు.

వాడు జూలైలో ఒక సోమవారం రాత్రి పది గంటల నలభై నిమిషాలకి పుట్టాడు. తునిలో అప్పటికే మంగళవారం, పొద్దున పదీపది. అమ్మకి మొదటి కంగారు అదే. మంగళవారం పుట్టాడా, సోమవారం పుట్టాడా? రెండో కంగారు తేదీ. మూడోది జాతకం ఎవరు రాస్తారని. నాన్నగారు పాయకరావుపేటలో తమకు తెలిసిన సిద్ధాంతిగారి దగ్గరికి వెళ్ళారు. పెద్దాయన, చిన్న అరుగు మీద పంచాంగం పెట్టుకుని కూర్చుని ఉంటారట. ఆయన అడిగినవి నాన్నగారు ఇన్‌లాండ్ లెటర్ మీద రాసుకుని, మెడికల్ షాపు ఫోన్లో నాకు చదివి వినిపించారు: ఆ ఊరి అక్షాంశం, రేఖాంశం, ఆ రోజు సూర్యోదయం, సూర్యాస్తమయం, అక్కడి గడియారం దేని ప్రకారం నడుస్తోంది. నేను లోకల్ పేపర్లోంచి సూర్యోదయం చూసి చెప్పాను. అట్లాసులోంచి 39 డిగ్రీల ఉత్తరం, దాదాపు 102 డిగ్రీల పడమర అని చెప్పాను. ఎండాకాలం గనక గడియారం ఒక గంట ముందుకి జరిపి ఉందని కూడా చెప్పాను. అది విని సిద్ధాంతిగారు ఏమంటారోనని నాన్నగారికి టెన్షన్.

ఆయన ఏమాత్రం తడుముకోలేదట. "గంట తీసేస్తే సరి. యుద్ధంలో పుట్టినవాళ్ళందరికీ నేను తీస్తూనే ఉన్నాను కదా" అన్నారట. ఆ సంగతి నాకప్పుడే తెలిసింది. రెండో ప్రపంచ యుద్ధంలో 1942 సెప్టెంబరు నుంచి 1945 దాకా మన దేశంలో కూడా గడియారాలు ఒక గంట ముందుకి జరిపారు. ఆ మూడేళ్ళలో పుట్టినవాళ్ళ జాతకం వేయాలంటే పుట్టిన టైములోంచి గంట తగ్గించుకోవాలి. మా అమ్మ పుట్టింది 1943లో. అంటే అమ్మ జాతకంలోనూ ఒక గంట తీసేశారు, యాభై ఏళ్ళు దాటాక మనవడి జాతకంలోనూ తీసేశారు. అమ్మ ఎంత పొంగిపోయిందో చెప్పలేను. "వాడు నా పోలికే" అని వీధంతా చెప్పుకుంది.

సిద్ధాంతిగారు ఇంకో మాట కూడా చెప్పారు. చంద్రుడు ఏ నక్షత్రంలో ఉన్నాడన్నది ఆ క్షణానికి లోకమంతటికీ ఒకటే, తునిలో చూసినా అమెరికాలో చూసినా మారదు. మారేది లగ్నం. అది పుట్టిన చోట తూర్పున ఏ రాశి ఉదయిస్తోందన్న దాన్నిబట్టి. వారం కూడా పుట్టిన చోటిదే. మనకి వారం సూర్యోదయంతో మొదలవుతుంది గనక, గుడ్‌లాండ్‌లో సోమవారం సూర్యుడు పొడిచాక, మంగళవారం సూర్యుడు పొడవకముందు పుట్టినవాడిది సోమవారమే. అమ్మ మనసు కుదుటపడింది. పసుపు పెట్టిన ఆ జాతకం కాగితాలు పోస్టులో వచ్చాయి. పైన "గుడ్‌లాండ్ గ్రామే" అని సిద్ధాంతిగారి చేతిరాత. వేలమంది ఉండే కాన్సాస్ ఊరు మా తెలుగు జాతకంలో గ్రామం అయి కూర్చుంది. ఇప్పటికీ బీరువాలో నా పట్టుచీరల మధ్య దాచుకున్నాను.

ఈ యుద్ధం టైము సంగతి మా పక్కింటి పెద్దావిడతో చెప్పాను. రైతు కుటుంబం. భర్త పోయాక ఊళ్ళోకి వచ్చి ఉంటున్నారు, చేను కొడుకు చూసుకుంటున్నాడు. ఆవిడ చేతిలో కాఫీ కప్పు కిందపెట్టి, "మాకూ జరిపారమ్మా" అన్నారు. అమెరికాలో 1942 ఫిబ్రవరిలో మొదలై 1945 సెప్టెంబరు దాకా, చలికాలం ఎండాకాలం తేడా లేకుండా, గడియారాలు గంట ముందే ఉన్నాయి. ఆవిడ అప్పుడు హైస్కూలు పిల్ల. గడియారం చెప్పినా ఆవులు వినవు కదా. బడి టైముకి పాలు పితకాలంటే కటిక చీకట్లో లాంతరు పట్టుకుని కొట్టానికి వెళ్ళేవారట, వేళ్ళు కొంకర్లు పోయే చలిలో. మా అమ్మ పుట్టిన టైములో కూడా అలాగే గంట కలిపి ఉందని తెలిశాక ఆవిడకి మా అమ్మ మీద ఒక బంధుత్వం ఏర్పడిపోయింది. ప్రతి శనివారం నేను ఫోన్ పెట్టేశాక "ఏమంది అమ్మ?" అని అడిగేవారు.

ఇంట్లోకి ఫోను వచ్చాక మాటలకి వేళాపాళా లేకుండా పోయింది. అన్నయ్య ఒక కార్డ్‌లెస్ ఫోను కూడా కొన్నాడు. ఒక కార్తీక పౌర్ణమి తెల్లవారుజామున అమ్మ తాండవలో స్నానం చేసి వచ్చి, తులసికోట దగ్గర దీపం పెట్టి నాకు ఫోన్ చేసింది. తునిలో అయిదున్నర, మాకు సాయంత్రం అయిదు. "చందమామ పడమటికి వాలిపోతున్నాడే, ఇంకాసేపట్లో దిగిపోతాడు" అంది. నేను వంటింటి తలుపు తీసుకుని బయటికొచ్చాను. కోసేసిన మొక్కజొన్న చేను మీద తూర్పున నిండు చంద్రుడు అప్పుడే పైకొస్తున్నాడు. చలికాలంలో సూర్యుడు ఇద్దరికీ ఒకేసారి దొరకడు గానీ పున్నమి చంద్రుడు దొరుకుతాడు. సూర్యుడికి ఎదురుగా ఉంటాడు గనక, సూర్యుడు తగ్గిన కాలంలో చంద్రుడికి ఆకాశంలో ఎక్కువసేపు దక్కుతుంది. "నాకూ కనిపిస్తున్నాడమ్మా" అన్నాను. "నిజంగానా! ఇతడేనా?" అంది. ఇద్దరం ఫోన్లు పట్టుకుని చాలాసేపు చూస్తూ ఉండిపోయాం. ఆ నెల బిల్లు చూసి మావారు ఏమీ అనలేదు.

నాన్నగారు ఒక జనవరి సోమవారం పొద్దున ఆరింటికి పోయారు. అన్నయ్య ఫోన్ చేసేసరికి మాకు ఇంకా ఆదివారం సాయంత్రమే. ఏటా అన్నయ్య తద్దినం పెట్టే మధ్యాహ్నపు వేళకి నాకు అర్ధరాత్రి. తిథి తేదీ ఏదైనా ఆ వేళ మారదు. ఆ రాత్రి నేను పడుకోను. అన్నయ్య పిండాలు పెట్టి, కాకి ముట్టిందని ఫోన్ చేశాక దీపం కొండెక్కిస్తాను.

అమ్మ గుడ్‌లాండ్ ఒకే ఒకసారి వచ్చింది, నాన్నగారు పోయిన తర్వాతి వేసవికి. డెన్వర్‌లో విమానం దిగి కారులో మూడు గంటలు వచ్చాం. చేతి గడియారం తుని టైములోనే ఉంచింది, ఉన్నన్నాళ్ళూ మార్చలేదు. "అక్కడ కోడలు ఏం చేస్తోందో తెలియాలి కదా" అంది. వచ్చింది సరిగ్గా గోధుమ కోతల రోజులు. జూన్ చివర మొదలై జూలై సగం దాకా ఆ ఊరికి నిద్ర ఉండదు. పొద్దున మంచు తడి ఆరాక కంబైన్లనే కోత మిషన్లు చేలల్లోకి దిగుతాయి, రాత్రి గింజకి మళ్ళీ తేమ పట్టేదాకా లైట్లు వేసుకుని కోస్తూనే ఉంటాయి. ఎలివేటర్ల ముందు లారీలు బారులు తీరతాయి. కోత ముఠాలు టెక్సాస్‌లో మొదలుపెట్టి, పంట పండే వరసలోనే ఉత్తరాదికి, కెనడా సరిహద్దు దాకా మిషన్లు వేసుకుని పోతుంటాయి. మా పక్కింటి పెద్దావిడ అమ్మని కొడుకు చేను దగ్గరికి తీసుకెళ్ళారు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. అమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని కంబైను మెట్లెక్కి, దాన్ని నడుపుతున్న కుర్రాడి పక్క సీట్లో కూర్చుని చేను చివరిదాకా వెళ్ళొచ్చింది. దిగాక గుప్పెడు గోధుమలు తీసి నోట్లో వేసుకుని నమిలింది. ఆవిడా అలాగే నమిలి, "ఇంకొంచెం ఆరాలి" అన్నారు. నేను చెప్పేలోపే అమ్మ "ఇంకొంచెం ఆరాలే" అంది. ఇద్దరూ రైతు బిడ్డలే.

ఆ రాత్రి పదకొండు దాటాక కూడా చేలల్లో లైట్లు కదులుతుంటే అమ్మ వరండాలో కూర్చుని చూసింది. చేతి గడియారం చూసుకుని, "తునిలో పదిన్నర, కోడలు కుక్కర్ పెట్టేసుంటుంది" అంది. తిరిగి వెళ్ళాక అమ్మ మాటల తీరే మారిపోయింది. అంతకుముందు నేను చెబితే వినేది, ఇప్పుడు తనే చెప్పేది. "మీకు సాయంత్రం ఆరు కదా, ఆవిడ మొక్కలకి నీళ్ళు పోస్తూ ఉంటారు చూడు" అనేది. కిటికీలోంచి చూస్తే నిజంగానే ఆవిడ గొట్టం పట్టుకుని నించుని ఉండేవారు.

బాబు పెద్ద బడికి వచ్చే వయసులో మేము కాన్సాస్ సిటీకి మారాం. ఇప్పుడు మాదీ సెంట్రల్ టైమే. వీడియో కాల్‌లో అమ్మ మొహం రోజూ చూస్తాను, ఎంతసేపు మాట్లాడినా ఖర్చు లేదు. అయినా ఆ శనివారం రాత్రి ఎనిమిదింటి ఫోనుకి ఉన్న విలువ దీనికి వస్తుందని నేను అనను. అప్పుడు వారమంతా చెప్పాల్సినవి మనసులో పేర్చుకునేదాన్ని. ఇప్పుడు అమ్మ ఫోన్ ఎత్తి, పలకరించి, అలా గోడకి ఆనించి తన పని తాను చేసుకుంటుంది. అది కూడా బాగానే ఉంటుంది. వంకాయలు తరిగే చప్పుడు వినపడుతుంది.

పక్కింటి పెద్దావిడ పోయి చాలా ఏళ్ళయింది. ఆ చేను ఇప్పుడు మనవడు చూసుకుంటున్నాడు. అమ్మకి ఎనభై దాటాయి. జూన్ వచ్చిందంటే మాత్రం తప్పకుండా అడుగుతుంది, ఆ కుర్రాడు కోత మొదలెట్టాడా అని. నేను అతనికి ఫోన్ చేసి కనుక్కుంటాను. తుని నుంచి ఎవరో తన గోధుమల గురించి అడుగుతున్నారంటే అతనికీ సరదా. మొన్న జూన్ ఆఖరున అడిగితే, ముందురోజు రాత్రి వాన పడిందని, చేను తడారడానికి రెండు రోజులైనా పడుతుందని, వాతావరణం బాగుంటే బుధవారం దిగుతామని చెప్పాడు. అదే అమ్మకి చెప్పాను.

"బుధవారమంటే మనకి గురువారం పడుతుంది" అంది అమ్మ. "వడగళ్ళు పడకుండా ఉంటే చాలు. ఇక్కడ మామిడికాయలు అయిపోవచ్చాయి. కొత్తావకాయ నీకు కొరియర్ వేస్తాడు అన్నయ్య. ఆ అబ్బాయికీ చిన్న సీసా వేరేగా కట్టాను, కారం తగ్గించి. కోత అయ్యాక పట్టుకెళ్ళి ఇచ్చిరండి."